రిమార్కుల గడి

పొద్దున్న ఆరింటికి
పసుపు జాకెట్టు, చేతికర్ర, సంచిలో రిజిస్టరు.
తొమ్మిదో నంబరు రాయి నుంచి పదిహేనో నంబరు రాయి దాకా
నా నడక.
కింద గొట్టం. పైన నేను.
మధ్యలో మీటరున్నర మట్టి.
పదకొండేళ్ళుగా కలిసే నడుస్తున్నాం,
మొహాలు చూసుకున్నది లేదు.

గొట్టం మీద బావి తవ్వకూడదు, పాక వెయ్యకూడదు,
కొబ్బరి మొక్క పెట్టకూడదు.
వేరు కిందికి పోవడం నేరం.
అందుకే తోటల నడినెత్తిన పాపిడి తీసినట్టు
ఒక బోడి దారి
గౌతమి పాయ దాటి, మడ చీల్చుకుని
మొగ దాకా పోతుంది.

రిజిస్టర్లో గళ్ళు:
తవ్వకాలు. పొగ. వాసన. కొత్త మనుషులు.
అన్నిటికీ నేను రాసేది ఒకటే మాట,
లేవు.
రాసి రాసి, నిద్రలో కూడా
నా చూపుడువేలు దుప్పటి మీద అదే గీస్తుందని
మా ఆవిడ నవ్వుతుంది.

మొన్న కార్తీకంలో, వాయుగుండం వెళ్ళిపోయాక,
పన్నెండో రాయి దగ్గర
మడ ఊడలు మోకాళ్ళ దాకా నల్లబడి ఉన్నాయి.
నీళ్ళ మీద నెమలీకల రంగులు.
బడికెళ్ళే పిల్లలు రేవులో ఆగి
బాగుందే, అనుకున్నారు.

మా మేనత్త సంగాని మంగాయమ్మ
పీతల కొక్కెం పట్టుకుని బురదలో నడుం దాకా దిగి
ఒక్కో బొరియలో చెయ్యి పెట్టి చూసింది.
ఎప్పుడూ వేలు కొరికే బొరియలు
ఆ రోజు మెత్తగా చెయ్యి వదిలేశాయి.
"కొంపలున్నాయిరా, కాపురాల్లేవు" అంది.

కంట్రోల్ రూంకి ఫోను చేశాను.
ప్రెషర్ పడలేదు, మాది కాదు,
ఓడలు వదిలిన మురికి అయ్యుంటుంది.
పోర్టు వాళ్ళకి చేయించాను.
ఓడలన్నిటికీ కాగితాలు సరిగ్గా ఉన్నాయి,
గొట్టం చూసుకోండి.
రాత్రి దిబ్బెక్కి చూస్తే
సముద్రంలో కొత్త ఊరేదో వెలసినట్టు దీపాలు.
వంతు కోసం లంగరేసిన ఓడలు.
వాటి కడుపు కడిగిన నీళ్ళు చీకట్లో ఎటు పోతాయో
చీకటినే అడగాలి.
తెల్లారేసరికి వలల్లో తారుండలు.
పట్టిన చేపకంటే
వల కడిగిన కిరసనాయిలు ఖర్చెక్కువ.

బోర్డు జీపు పదకొండో రోజున వచ్చింది.
రోజుకి రెండు పోట్లు.
ఇరవైరెండు సార్లు ఏరు ఒళ్ళు కడుక్కున్నాక
సీసాలో నీళ్ళు పట్టి, చీటీ అంటించి పట్టుకెళ్ళారు.
జవాబు మాఘంలో వచ్చింది:
పరిమితికి లోబడే ఉంది.

రెండో గొట్టం కోసం జనాన్ని అడగాలట.
హైస్కూలు ఆవరణలో షామియానా,
ఇడ్లీ పొట్లాలు, రెండు పోలీసు వ్యాన్లు,
ఆరొందల పేజీల ఇంగ్లీషు పుస్తకం.
మంగాయమ్మత్తకి మూడు నిమిషాలిచ్చారు.
మైకు ఎలా పట్టుకోవాలో తెలీక
పీతని పట్టుకున్నట్టు వెనకనుంచి పట్టుకుంది.
వాళ్ళని తిట్టలేదు. ఏమీ అడగలేదు.
పండుగప్ప, మాతగజం, కట్టిచేప, సావడ,
మండపీత, గుల్ల, బొంత, కొయ్యింగ...
పేర్లు చెప్పుకుంటూ పోయింది.
ఏది ఏ నెలలో, ఏ పాయలో, ఏ పోటుకి.
గంట కొట్టారు. ఇంకా సగమే అయ్యాయంది.

మినిట్స్‌లో ఒక వాక్యం పడింది:
"ఒక మహిళ జీవనోపాధి గురించి ప్రస్తావించారు."

తిరిగొస్తుంటే అత్త నన్ను చూడకుండా,
"గొట్టానికి నిన్ను పెట్టారు.
ఏటికి ఎవర్ని పెట్టారు?" అంది.
నా దగ్గర జవాబు లేదు,
జీతం ఉంది.

మర్నాడు పన్నెండో రాయి దగ్గర కూర్చుని
ఎన్నడూ ముట్టని రిమార్కుల గడిలో
మొదటిసారి రాశాను.
మండపీతలు: లేవు.
ఉల్లంకి పిట్టలు: లేవు.
నత్తలు...
చెయ్యి ఆగలేదు. దానికి బాగా అలవాటైన మాటే కదా.

శనివారం సూపర్వైజరు వచ్చాడు.
పేజీ పైనుంచి కిందికి వేలు జార్చాడు.
లేవు, లేవు, లేవు, లేవు.
"శభాష్, ఏ గొడవా లేదు" అని
ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి
మడల మీంచి వచ్చే గాలికి
రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని
జీపెక్కాడు.