షువైఖ్‌లో ఒక ఇంజిన్ మూత

ఇనుమైతే ఎర్రగా అరిచేది.
ఇది అల్యూమినియం.
ఏళ్ల తరబడి ఉప్పుగాలి మేసి
నోరెత్తకుండా
తెల్లగా, బూజులా పొక్కింది.

"కాస్టిక్ సోడా ముట్టకు, మెత్త లోహం, కొరికేస్తది"
ఓదెలన్న చింతపండు నానేశాడు
ఇత్తడి బిందె తోమబోతున్నట్టు.
అరిగిన టూత్‌బ్రష్, గోరువెచ్చని నీళ్లు.
షట్టరు బయట
యాభై డిగ్రీల మధ్యాహ్నం.

మూడో కడుగుకి
మూత లోపలి గోడ మీద తేలింది
మేకుతో గీకిన పేరు:
యాకూబ్, డెబ్బై ఎనిమిది.

అర్బాబుకు అంతా అద్దంలా మెరవాలి.
బఫింగ్ చక్రం అటు తిప్పాను.
ఓదెలన్న స్విచ్ ఆపేశాడు.
"పైన మెరిపియ్యి.
లోపల ఆయన ఇంకా డ్యూటీల ఉన్నడు."

కొత్త గాస్కెట్, ఎనిమిది బోల్టులు.
బిగిస్తుంటే
యాకూబ్ మళ్లీ చీకట్లోకి,
వెచ్చటి నూనెలోకి.