ఆశకంబం

గేటు స్తంభం మీద రాతిలో చెక్కిన ఇంగ్లీషు పేరు
యాష్‌కోంబ్.
ముద్దనూరు నోట్లో పడి నలిగి
ఎప్పుడో ఆశకంబం అయింది.
బస్సు కండక్టరు కూడా అట్లే కేకేస్తాడు.

నాలుగు వరసల రోడ్డు వస్తోంది.
కూల్చే ముందు కొలవాలి గనక నన్ను పంపారు,
ముప్పై మీటర్ల టేపు, ఎం-బుక్కు ఇచ్చి.
టేపు రెండో కొస పట్టేది
వాచ్‌మన్ దస్తగిరి.

పొడుగు, వెడల్పు, ఎత్తు.
తూర్పు వరండా. స్తంభాలు ఎనిమిది.
చూస్తే పాలరాయి, తడితే సున్నం.
"బెల్లం నీళ్లు, కరక్కాయ, కోడిగుడ్డు సొన
గానుగలో ఏసి నెల్లాళ్లు తిప్పినారంట.
ధాత కరువు మేడమ్మా అప్పుడు.
గుడ్లన్నీ గోడ తినింది,
తిప్పినోళ్లకు దోసెడు కొర్రలు."
ఇది రాయడానికి ఎం-బుక్కులో చోటు లేదు.
రిమార్కుల గడి ఒకటుంది, వేలెడు.

పైకప్పు నిటారుగా వాలి ఉంది.
ఈ ఎండల్లో ఎవరైనా మిద్దె కడతారు,
రాత్రికి చాప పట్టుకుని పైకెక్కుతారు.
దొర దగ్గర ఒక పటం ఉండేదట,
వాళ్ల దేశంలో, వాళ్ల తాత ఇల్లు.
అచ్చం అట్లే కావాలన్నాడట.
మేస్త్రీ సుంకన్న అడిగాడట, ఇంత వాలు ఎందుకు సామీ?
మంచు జారిపోవడానికి.
మంచంటే?
పైనుంచి పడుతుంది, తెల్లగా, పొడిపొడిగా.
సుంకన్న చానా సేపు ఆలోచన చేసి
సున్నమా సామీ, అన్నాడట.

భోజనాల గది.
గోడలో రూపాయంత కన్నం, పంకా తాడు పోయేది.
అవతలి వరండాలో నడిపెన్న
బొటనవేలికి తాడు చుట్టుకుని
నిద్రలో కూడా కాలాడించేవాడట.
తాడు ఒరిసి ఒరిసి రాయి అరిగింది.
వేలు పెట్టి చూశాను,
గోరు మునిగేంత గాడి.
ఖాళీలను లెక్కలోంచి తీసేయాలి, అది రూలు.
తలుపులు పదకొండు, తీసేశాను.
కిటికీలు పద్దెనిమిది, తీసేశాను.
నడిపెన్న గాడి దగ్గర
పెన్ను ఆగింది,
ఇంకు అయిపోయిందేమో అని విదిలించాను కూడా.

వెనక నీలిమందు తొట్లు ఆరు.
ఈ ఇల్లంతా వాటిలోంచే లేచింది.
ఇప్పుడు అడుగున సర్కారు కంప.
"గీకి సూడండి," అన్నాడు.
గీకాను.
నీలం గోటి కింద మూడు రోజులుంది,
అన్నం కలిపినప్పుడల్లా కనపడింది.

ఇక హాల్లో, అందరూ నవ్వే సంగతి.
చలిమంట పొయ్యి.
ముద్దనూరులో!
మే నెలలో కాకి నోరు తెరిచి కూచునే ఊళ్లో
గొట్టంతో సహా కట్టించుకున్నాడు దొర.
తల లోపలికి పెట్టి టార్చి వేశాను.
పావురాల రెట్ట, ఈకలు, దాని వెనక
పలచగా ఒకే ఒక్క పొర మసి.

"ఒక్క రాత్రి మండిందంట.
యాడో సీమలో ఎవురో సీసాలో నీలం పుట్టించినారు,
ఈడ ధర పడిపాయ.
రైతుల బాకీ కాగితాలన్నీ
దొర తనే ఏసి కాల్చినాడని మా జేజి.
కాదు, రైతులే కిటికీ పగలగొట్టి దూరినారని
మా జేజి తమ్ముడు.
సచ్చేదాకా కొట్లాడుకున్న్యారు ఇద్దరూ."
మసిని వేలితో తుడిచాను.
అది ఎవరి పక్షమూ చెప్పలేదు.

సాయంత్రం టేపు చుడుతుంటే
గొంతు తగ్గించి అడిగాడు,
"పొయ్యి ముందర ఆ నాపబండ ఉండాది సూడండి,
నాకిప్పిస్తారా? మా ఇంటామె గుడ్డలుతుక్కుంటాది."
కూల్చిన సామానంతా వేలానికి పోవాలి,
అదీ రూలే.

ఎం-బుక్కు మళ్లీ తెరిచాను.
పొయ్యి బండ, నాలుగడుగులు ఇంటూ రెండు.
రిమార్కుల గడిలో
కుదురుగా, పై ఆఫీసరుకు అర్థమయ్యేట్టు రాశాను:
పగిలినది. పనికిరాదు.

ఇద్దరం దాన్ని చూస్తూ కాసేపు నిలబడ్డాం.
అద్దంలా ఉంది,
ఒక్క గీత లేదు.