ముప్ఫై ఆరు చుక్కలు

రాయదుర్గంలో ఎనిమిదో అంతస్తు, రాత్రి డ్యూటీ.
నా తెర మీద నగరమంటే చుక్కలే.
పదకొండు వేల బండ్లు, బండికో చుక్క,
మూడు సెకన్లకోసారి ప్రతి చుక్కా
"ఇక్కడున్నా" అంటుంది.
అనేటప్పటికే అక్కడ ఉండదు.

కొత్తగా చేరినవాళ్లకి మొదట ఇదే చెప్తాను:
మీకు కనిపించేది
బండి వదిలేసి పోయిన చోటు.

వాన పడితే చుక్కలకి మతి తప్పుతుంది.
బేగంపేట ఫ్లైఓవర్ మీదున్నాడో కిందున్నాడో
ఉపగ్రహానికి తేడా తెలీదు.
పత్తర్‌గట్టీ సందుల్లో ఒకడు
గాజుల దుకాణం గోడల్లోంచి పోతాడు.
నయాపూల్ దగ్గర ముగ్గురు
గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో
మూసీలో ఈదుతుంటారు.
వాళ్లనెత్తి రోడ్డు మీద పెట్టే లెక్క నేనే రాశాను.

ఇంకో లెక్కా నాదే:
తొంభై సెకన్లు దాటి వచ్చిన చుక్కని పారెయ్.
లేకపోతే వరస ఆగిపోతుంది,
ఒక్కడి కోసం పదకొండు వేలమంది నిలబడాలి.
మీటింగులో అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

నిన్న 9.14కి, చాదర్‌ఘాట్ దాటాక
ఒక చుక్క కదలడం మానేసింది.
పాయా, ఆరు నాన్లు, మూసారాంబాగ్ చేరాలి.
కస్టమరు కాల్‌సెంటరుకి చుక్కలు చూపించింది.
9.40కి యంత్రం తనంతట తానే తీర్పిచ్చింది:
రైడరు కావాలని ఆగాడు, అరవై రూపాయలు కోత.

9.52కి, మలక్‌పేట రైలు వంతెన అవతల
ఫోనుకి ప్రాణం లేచొచ్చి
నిమిషానికొకటి చొప్పున దాచుకున్నవన్నీ
ఒక్కసారే కక్కింది, ముప్ఫై ఎనిమిది.
నా లెక్క రెండింటిని ఉంచుకుని
ముప్ఫై ఆరింటిని పారేసింది.

పారేసినవి పడే బుట్ట ఒకటుంది. ఎవరూ తెరవరు.
తెరిచాను.
వరస తప్పి పడున్నాయి,
టైము చూసి పేర్చి, ముగ్గు కలిపినట్టు కలిపాను.
చుక్కకీ చుక్కకీ మధ్య అరవై అడుగులు.
మనిషి నడకకన్నా నెమ్మది.
ఒకచోట నాలుగు చుక్కలు ఒకదానిమీదొకటి,
ఆగాడో, పడ్డాడో,
నా తెరకి రెండూ ఒకటే.

ఫోన్ చేశాను. పేరు ఖదీర్.
"మోకాళ్ల దాంక నీళ్లు మేడమ్, బండి బందైంది.
నూకుకుంట వొచ్చిన.
పాయా సల్లగైంది గని, ఒలకలె."
ఒలకలేదన్న సంగతి రాసుకునే గడి
నా పట్టికలో లేదు.

ఆ అరవై వెనక్కి వేయించడానికి
ఇవాళ నాలుగు టికెట్లు పెట్టాను.
"గడువు దాటిన సమాచారంతో సవరణ కుదరదు."
ఆ వాక్యం కూడా ఎప్పుడో
నేనే రాసినట్టున్నాను.

ఇప్పుడు మళ్లీ ముసురు పట్టింది.
తొంభైని నూట ఎనభై చేసి చూశాను.
తెర బరువెక్కింది, పదకొండు వేల చుక్కలూ
బిగబట్టినట్టు ఆగాయి.
భయమేసి మళ్లీ తొంభైకి తెచ్చాను.

బుట్టని మాత్రం మూయలేదు.
తెరకి ఓ మూల తెరిచే ఉంచాను.
ఇప్పుడే ఎవరిదో ఒకటి పడింది:
టోలీచౌకి, 8.31.
గోడ గడియారంలో తొమ్మిదీ ఇరవై.