చేతిదా, బల్లదా

ఏడు దాటినాక
చెంగల్రాయులు వస్తాడు.
చొక్కా జేబులోంచి ఆ నల్లటి చేతియంత్రాన్ని తీసి,
మామిడి జీడి అంటిన బొటనవేలితో తుడిచి
నా బల్లమీది తొట్టిలో నిలబెడతాడు,
ఎద్దును గాటికి కట్టినట్టు.

చిన్న కూత.
ఆకుపచ్చ గీత ఒకటి
తెరమీద ఎడమనుంచి కుడికి పాకుతుంది.
బంగారుపాళ్యం ర్యాంపు, దామలచెరువు ర్యాంపు,
తవణంపల్లె దోవలో రేకుల షెడ్డు కాటా,
ఆయన పగలంతా తిరిగిందంతా
తీగలోంచి నా కంప్యూటర్లోకి దిగుతుంది
దుమ్ము లేకుండా.

పేరు పేరుతో, కిలో కిలోతో కలిసిపోతే
నేను టీ తాగుతాను.
కలవనప్పుడే
తెర మధ్యలో ఒక పలక లేస్తుంది:
రెండు చోట్లా ఒకే రికార్డు, రెండు రకాలుగా ఉంది.
ఏది ఉంచాలి?

ఈ పూట కుప్పమ్మ.
తోతాపురి, ఒక ట్రాక్టరు.
చేతిలో నాలుగువేల నూట ఎనభై.
బల్లలో మూడువేల తొమ్మిదివందల ముప్పై.

నడుమ రెండువందల యాభై కిలోలు
ఎవరు తిన్నారు?
చెంగల్రాయులు కాటా అబద్ధం చెప్పదు,
తూకపురాయి పెట్టి రోజూ సరిచూసుకునే మనిషి.
మా గేటు కాటా కూడా అబద్ధం చెప్పదు,
ఏటేటా ముద్ర వేయించుకుంటుంది.
ర్యాంపుకీ గేటుకీ మధ్య
గుడిపాల రోడ్డుమీద
రెండు పగళ్ళు, ఒక రాత్రి
నూట పదకొండు ట్రాక్టర్ల వెనక
కుప్పమ్మ నిలబడింది.
జూన్ ఎండ కాయలో నీళ్ళు తాగింది.
నిలబెట్టింది మేము.
ఆవిరైనదాన్ని తరుగు అని రాసుకున్నదీ మేమే.

ఆ యంత్రానికి తెలుగు రాదు.
గమనికల గడిలో ఆయన
ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు గిలుకుతాడు, ప్లాస్టిక్ పుల్లతో.
నలభై అక్షరాలు దాటితే
సాఫ్ట్‌వేరు కత్తిరిస్తుంది.
నా దాకా వచ్చేసరికి అన్నీ సగం మాటలు.
"కాయ బాగుంది బోరు ఎండింది కూతురి ఫీజు క"
"గాలికి రాలింది అంటాది నిజమే నేను చూస్"
ఆ తెగిన తోకలు యాడికి పోతాయని
ఒకసారి అడిగాడు.
కేబుల్ వైపు చూశాను.

"ఏంది మే, ఇంతసేపు?"
తెర తిప్పి చూపించాను.
చదివాడు. ఏమీ అనలేదు.
గోరుకింది జీడిని గోకుతూ కూర్చున్నాడు.

మామూలుగా ఆలోచించే పని లేదు.
మేనేజరు మొదలియార్ సెట్టింగుల్లో ఎప్పుడో రాసిపెట్టాడు:
తగాదా వస్తే బల్లదే పైమాట.
ఆ గడి ముందే వెలిగి ఉంటుంది, ఎంటర్ కొడితే చాలు.
నాలుగు సీజన్లు కొట్టాను.
చేయి రాసింది, బల్ల చెరిపింది.
తెల్లారేసరికి ఆయన యంత్రంలోనూ
బల్ల అంకెలే కూర్చునేవి,
ఆయనే రాసుకున్నట్టు.

ఆ రాత్రి కరెంటు పోయి వచ్చింది.
యూపీఎస్ కీచుమంది.
బాణాన్ని కిందికి జరిపాను, ఒక్క మెట్టు.
చేతిదే ఉంచు.
ఎంటర్.

ధర్మం అని పెద్ద పేరు పెట్టను.
కిలో నాలుగున్నర లెక్కన
పదకొండువందల ఇరవై ఐదు రూపాయలు.
మరుసటి గురువారం మొదలియార్
లెక్క తేలక, తేలక, చివరికి తేలి
నా పేరు చుట్టూ ఎర్ర సిరా తిప్పాడు.
జీతంలో కోశారు.
నేను వాదించలేదు. ఏమని వాదించను?
రెండూ నిజాలే అయినప్పుడు
కలపడమంటే ఒకదాన్ని చెరపడమేనని
ఆ పెట్టెతో వచ్చిన పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు.

శనివారం ఏడు దాటింది.
తొట్టిలో యంత్రం, చిన్న కూత, ఆకుపచ్చ గీత.
చెంగల్రాయులు బయట బీడీ ముట్టించుకుంటున్నాడు,
నా వైపు చూడకుండా.
అంకెలన్నీ కలిశాయి.
కింద గమనికల గడిలో ఒకే ఒక వరస:

"కుప్పమ్మకు దుడ్డు వచ్చిందంట, నీకు చెప్"