తరుగు

యార్డులో కాటా రాసేది నేనే.
నలభై ఒకటి, నలభై రెండున్నర, ముప్పైతొమ్మిది...
టిక్కీకి ఇంత అని తరుగు తీసి
మిగిలింది రైతుకి చెబుతాను.
గోతానికి, తేమకి, తాలుకాయకి
అన్నిటికీ లెక్కుంది ఇక్కడ.

గుమాస్తాలు టీకి వెళ్లిన ఒక మధ్యాహ్నం
నేనే ఎక్కి నిలబడ్డాను.
డెబ్బైనాలుగు.
నిరుడు ఇదే సీజనులో అరవై ఆరు.
చీరకింత, చెప్పులకింత అని గొణుక్కున్నాను గానీ
నాకు తరుగు తీసేదెవరు?

"ఏమే సామ్రాజ్యం, నిన్నెవరు పాడారే వేలం!"
తొడిమలు తీస్తున్న దీనమ్మ నవ్వింది.
నేనూ నవ్వాను.
నవ్వుతుండగానే వచ్చింది అది,
బొడ్డు దగ్గర బయల్దేరి చెవుల దాకా,
ఎవరో లోపల పొయ్యి ఎగదోసినట్టు.

గుంటూరులో, ఏప్రిల్లో, మిరపకాయల మధ్య
ఒళ్లు మండుతోందంటే ఎవరు వింటారు?
అందరికీ మండుతోంది.
కానీ కోల్డ్ స్టోరేజీలోకి లెక్కకని వెళ్తే
హమాలీలు తలకి తువ్వాళ్లు చుట్టుకుని వణికేచోట
నాకొక్కదానికే జాకెట్టు తడిసింది.
అప్పుడర్థమైంది
ఈ ఎండ ఊరిది కాదని.

రాత్రుళ్ల సంగతి చెప్పను.
సరే, చెబుతాను.
రెండూ ఇరవైకి నల్లపాడు వైపు గూడ్సు,
మూడింటికి పక్కింటి మోటారు,
మూడున్నరకి పాలవ్యాను.
వాటి సందుల్లో
చిల్లర నిద్రలు,
కూడితే నోటు కానివి.
తెల్లారి పరగడుపున థైరాయిడ్ బిళ్ల.
అద్దంలో మా అత్త మొహం,
నా బొట్టు పెట్టుకుని.

పట్నం బజారులో కరీముల్లా గారి మూలికల కొట్టు.
గోడంతా చెక్క సొరుగులు,
తీసిన ప్రతి సొరుగూ ఒక దగ్గు.
"వేడి తగ్గాలి, బరువు తగ్గాలి, నిద్ర పట్టాలి" అన్నాను
సరుకుల చీటీ చదివినట్టు.
ఆయన త్రాసు ముట్టుకోలేదు.
"ఎన్నింటికి పడుకుంటావమ్మా?"

నలభై ఎనిమిదేళ్లొచ్చాయి నాకు.
ఎన్నింటికి లేస్తావనే అడిగారు అందరూ.

పెన్నేరుగడ్డ తీసి అరచేతిలో పెట్టాడు.
"గుర్రం వాసనంటారు, చూడు."
చూశాను.
అరండల్‌పేట నుంచి స్టేషనుకి మా నాన్న జట్కా,
తడిగడ్డి, తోలుపట్టెడ,
ఆఖరి బేరం దించేసి ఇంటికి తిరిగొస్తుంటే
ఆయన వీపుకానుకుని నేను పడ్డ నిద్ర.
ఇంటికొచ్చాక లేపేవాడు కాదు,
ఎత్తుకుని దించేవాడు.
అప్పుడెంత ఉండేదాన్నో, ఏ కాటాకీ తెలీదు.

కళ్లు తెరిచేసరికి ఆయన గడ్డ వెనక్కి తీసుకుంటున్నాడు.
"థైరాయిడ్ బిళ్ల మింగేవాళ్లకి నా అంతట నేనివ్వను.
డాక్టరమ్మ సరేనంటే రా.
మీ మందూ నా మందూ లోపల పోట్లాడుకోకూడదు."
కుండలో వేసుకోమని వట్టివేరు తూచాడు, యాభై గ్రాములు.
పొట్లం కట్టాక, ఏమనుకున్నాడో,
చిటికెనవేలంత పెన్నేరు ముక్క పైన పెట్టాడు.
"మింగకు. వాసనకి. కొసరు."

తరుగులే రాసిన చేయి కదా,
కొసరు పట్టుకోవడం కాసేపు తెలియలేదు దానికి.

ఆ ముక్క దిండు కింద ఉంది.
మొన్న మోటారుకి మెలకువొచ్చింది,
వ్యానుకీ వచ్చింది.
గూడ్సు మాత్రం ఎప్పుడు పోయిందో.
అంతే. ఒక్క బండి.
మంగళవారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాలి.
ఈ వారమూ డెబ్బైనాలుగే.

ఇవాళ టీ వేళ దీనమ్మ పక్కకొచ్చి కూర్చుంది.
"ఎక్కడిదే ఆ వేరు? నాకూ పట్రా."
నీకెందుకన్నాను.
తొడిమ తుంచింది. ఇంకోటి తుంచింది.
"మూడేళ్ల నుంచే" అంది,
తలెత్తకుండా.