పన్నెండు గంటలామె

రాయదుర్గం లైబ్రరీలో అట్ట ఊడిన పుస్తకమొకటి.
రష్యా పల్లెల దయ్యాలన్నీ అందులోనే కాపురం.
పొయ్యి వెనకాల పడుకునే గడ్డపాయన,
ఇల్లు మారితే పాతచెప్పులో కూర్చోబెట్టి
వెంట తీసుకుపోవాలంట ఆయన్ను.
అడవిని కాసే ముసిలోడు,
కుడిచెప్పు ఎడమకాలికి, ఎడమది కుడికి.
ఏటి ఒడ్డున తల దువ్వుకునే ఆడపిల్లలు,
మా హగరిలో అయితే
ఇసక దువ్వుకోవాల్సిందే పాపం.

అందర్లోకీ నన్ను పట్టుకున్నది పన్నెండు గంటలామె.
రాత్రి పన్నెండు కాదు.
మిట్టమధ్యాహ్నం, చేన్లో,
తెల్లబట్టలు, చేతిలో కొడవలి.
వంగి పనిచేసేవాళ్ల దగ్గరికి సుడిగాలై వచ్చి
అవిసె కథ చెప్పమంటుంది,
విత్తనం కాడినుంచి బట్ట దాకా.
గంటసేపు మాట తెగకుండా చెప్తే
దాని పొద్దు దాటిపోతుంది, వదిలేస్తుంది.
మాట తెగితే మెడ తెగుతుంది.

మా చిన్నమ్మ తిప్పక్కకు చెప్పినాను ఇదంతా.
విత్తనకాయ కొడతా ఉండె.
తల ఎత్తకుండానే
"గంటేనా?" అనింది.

శ్రావణంలో, బెళుగుప్ప దావలో,
గాలిమరల కింద కలుపు.
కూలోళ్లంతా సద్దికి తుమ్మచెట్టు కాడికి పోయినారు.
ఒక్క సాలే కదా అని చిన్నమ్మ ఉండిపోయె.
పైన రెక్కలు ఆగినాయి.
కింద ఎర్రమన్ను లేచి
గిర్రున తిరిగి తిరిగి
మనిషంత ఎత్తున నిలబడింది.
ఎప్పుడైనా అయితే థూ అని ఉమ్మేది.
నోట్లో తడి ల్యా.

"చెప్పు."

వంగినామె వంగినట్లే మొదలుపెట్టె.
అవిసె నాకేం తెలుసు, చెనిక్కాయ చెప్తా విను.
సబ్సిడీ విత్తనానికి తెల్లారుజామున పోయి
మనిషికి బదులు చెప్పులు వరసలో పెట్టి
గోడనీడన కూర్చున్న సంగతి.
గొర్రు కట్టింది, పదును ఆరకముందే వేసింది,
మూడోనాటికి నేల పగిలి మొలక,
పసుపు పూత,
పూత రాలి ఊడ
నేలకేసి దిగతా, దిగతా...

"తర్వాత?"

దిగల్య. నేల రాయి అయిపోయె.
వాన బళ్లారి కాడే నిలిచిపోయె.

"తర్వాత?"

గొర్రెలోళ్లకిస్తిమి, మేపుకోమని.

పన్నెండుంపావు కూడా కాలేదు.
కొడవలి మీద ఎండ జారింది.
చిన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుని
"ఆ మరుసటేడు..." అనింది.

ఎర్రగొంగళి దిగిన ఏడు.
కట్టె పీకి కుప్పేస్తే ముసురు పట్టి
కాయ కుప్పలోనే మొలకెత్తిన ఏడు.
పండనైతే పండి
ఆదోని మార్కెట్లో అడిగేవాడు లేని ఏడు.
చిన్నాయన నాలుగో బోరు వేయించిన ఏడు
(అక్కడ గొంతు తగ్గించిందంట).
మళ్లీ విత్తనం, మళ్లీ చెప్పుల వరస.

పద్దెనిమిదో ఏడు నడస్తా ఉండంగా
ఆమె కొడవలి పక్కన పెట్టి
సాల్లోనే కూలబడింది.
"మా కథ బట్టతో అయిపోతుంది.
మీది అయిపోదా?"

"అయిపోతే ఎట్లా? వచ్చే ఏడు పెట్టద్దా?"

సాయంత్రం చిన్నమ్మ ఉత్తకాళ్లతో ఇల్లు చేరె.
వడదెబ్బ అన్నారు ఆస్పత్రిలో,
రెండు సీసాల సెలైన్.
చెప్పులేవి అని అడిగినా.

"దాని కాళ్లు చూడాల్సింది నువ్వు.
అన్నీ బొబ్బలే.
మంచులో పుట్టిన పాదాలు, మన నేల తట్టుకుంటాయా?
వేసుకోపోవే అంటి."

పాతచెప్పులవి, మూడేండ్లవి, కుట్లు పోయినవి.
మా ఇంట్లోది కూడా ఏదో
వాటిల్లో కూర్చుని పోయుంటుందని
నాకు అనుమానం. చెప్పలేదు.

సెలైన్ బొట్లు కాసేపు లెక్కపెట్టి చిన్నమ్మ అడిగె:
"ఆ పుస్తకంలో రాసినారా,
దాని ఊరికి పోవాలంటే
బస్సు ఎక్కడ మారాల్నో?"

రాసిల్యా.