అరువు గొంతు

నౌపడ దాకా చిన్నబండి,
ఆపైన మద్రాసు మెయిలు.
సూరీడమ్మ వెళ్ళే పొద్దున
కొమ్ము దువ్వెనకి మెరుగు పెడుతూ
చివరి పన్ను విరగ్గొట్టాను.
అయినా పట్టుకెళ్ళింది.

మూడేళ్ళకి, పర్లాకిమిడి టాకీసులో
రాణి వెనక నాలుగో చెలికత్తె.
ఒక్కటే మాట:
"అమ్మగారు వేంచేస్తున్నారు."
పెదాలు ఆమెవే.
గొంతు ఎవరిదో, కృష్ణ నీళ్ళు తాగినది.

"ఏటి, యింకా చెక్కుతున్నావా?" అని
నా కొట్టు గడప మీద
సగం ఒడియాలో నవ్విన గొంతుని
ఏ స్టూడియో గేటు దగ్గర దింపించేశారో.

పదకొండు ఆటలు చూశాను.
దువ్వెన కోసమే అనుకున్నాను; ఆమె తల తిప్పదు.

ఆఖరాటలో, ఆ మాట రాకముందే
నేల క్లాసులోంచి నేనే అరిచాను:
"అమ్మగారొచ్చెస్తన్నారు!"
హాలంతా నవ్వు.

తెర మీద
పెదాలు కాస్త ఆలస్యంగా కదిలాయి.